దూరపు అన్యాయాలు

పన్నెండున్నర. ఈపాటికి పెదనాన్న నర్సరీ కొళాయి దగ్గర పీట వేసుకుని వజూకి కూర్చుని ఉంటాడు. నమాజుకు ముందు మూడుసార్లు చేతులు, మూడుసార్లు నోరు, మూడుసార్లు మొహం. ఏ శుక్రవారమూ తొందరపడడు. దోసిట్లో నీళ్ళు పట్టి నుదుటి నుంచి గడ్డం దాకా జారనిస్తాడు, కనుకొలకుల్లో చిటికెనవేలు పెట్టి మరీ కడుగుతాడు. మొన్న బుధవారం అదే కొళాయి కింద, మా నర్సరీలో కూలికి వచ్చే వెంకటదుర్గ తల వంచి పట్టుకుని నేను నీళ్ళు పోశాను. ఆవిడ రెప్పలు విచ్చలేకపోయింది. ఇప్పుడు నా వెనక ఉన్న ఈ తలుపు అవతల, రెండు కళ్ళకీ దూది పెట్టి కట్టు కట్టి పడుకోబెట్టారు. నేను రాజమండ్రిలో, ఈ కంటి ఆసుపత్రి వరండాలో, ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాను. రెండింటికి హెడ్డు కానిస్టేబులు వస్తాడట. దెబ్బ ఎలా తగిలిందో చూసినవాళ్ళు చెబితే రాసుకుంటాడట. చూసినదాన్ని నేనే. ఏం చూశానో చెప్పాలి, లేదా పెదనాన్న చెప్పమన్నది చెప్పాలి. ఏది చెప్పాలో తేల్చుకోడానికి గంటన్నర ఉంది.

గోళ్ళ సందుల్లో ఇంకా ఆ పురుగుమందు వాసన. రెండు రోజులుగా సబ్బుతో తోముతున్నాను, ఇక్కడి ఫినాయిలు వాసన కూడా దాన్ని మింగలేకపోతోంది. వెల్లుల్లి కుళ్ళినట్టు, కిరసనాయిలులో నానినట్టు ఉంటుంది. వేపనూనె వాసన ఇలా ఉండదని కడియంలో మొక్క పట్టుకున్న ప్రతి మనిషికీ తెలుసు. కానీ మా నర్సరీలో దాన్ని వేపనూనె అనే అంటాం. బెంగుళూరు నుంచీ పూణే నుంచీ వచ్చే బేరగాళ్ళు మందులు కొట్టని మొక్కలు కావాలంటారు. అందుకని సీసా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందుని వేపనూనె డబ్బాల్లో పోసి పెట్టడం మాకు అలవాటు. ఎర్ర త్రికోణమంటే అన్నిటికన్నా పెద్ద విషమని అర్థం. ఖాళీ సీసాలు గోతిలో పూడుస్తారు. డబ్బా మీద కాగితం అంటిస్తారు. ఆ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో 'వేపనూనె' అని రాసేది నేను. మొక్కల పేర్ల చీటీలు రాసేది నేనే, మసీదులో తెలుగు బయాను, అంటే ప్రసంగం, రాసేదీ నేనే. ఒకటే చెయ్యి. ఆ చెయ్యి ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. దాన్ని చూడబుద్ధి కావడం లేదు, ఎవరో తిని వదిలేసిన విస్తరాకులా ఉంది.

మా ఇమాం గారిది బీహారు. శుక్రవారం నమాజు ముందు చెప్పే అరబ్బీ ఉపదేశం, కుత్బా, ఆయన చదువుతారు, తెలుగు రాదు. మాకు అరబ్బీ అర్థం కాదు, ఉర్దూ కూడా అంతంతమాత్రమే, ఇళ్ళల్లో తెలుగే. అందుకని కుత్బాకు ముందు పావుగంట, మసీదు కమిటీ ప్రెసిడెంటుగా పెదనాన్న తెలుగులో బయాను చదువుతాడు. గురువారం సాయంత్రం నేను పుస్తకాలు చూసి రాసిస్తాను. పదో తరగతి నుంచీ ఇదే పని. ఆయన గొంతు మంచిది, ఎక్కడ ఆగాలో తెలుసు, ఎక్కడ తగ్గించాలో తెలుసు. పక్కగదిలో పరదా వెనక ఆడవాళ్ళం వింటుంటే, నేను రాసిన మాటలే నాకు ఏడుపు తెప్పించేవి. నిన్న సాయంత్రం నేను ఆసుపత్రి నుంచి బట్టలకోసం ఇంటికి వెళితే, అలవాటు ప్రకారం కాగితాలు ముందు పెట్టాడు. "ఈవారం న్యాయం మీద రాయమ్మా. జుల్ముని, అన్యాయాన్ని, ఇస్లాం ఎలా కాదంటుందో రాయి. కుర్రాళ్ళు అడుగుతున్నారు." నేను కలం పట్టుకుని ఆయన వంక చూశాను. ఆయన టీ తాగుతున్నాడు. సాసరులో పోసుకుని, ఊదుకుని. "దూరపు సంగతులు రాయి. బయటి దేశాల్లో మనవాళ్ళ మీద జరిగేవి. మన ఊరి సంగతులు మసీదులో ఎందుకు."

రాశాను. ఎందుకు రాశానో అడిగితే ఏం చెప్పను. అన్నం పెట్టమంటే పెట్టినట్టు రాశాను. అల్లా అన్యాయాన్ని తనకు తానే నిషేధించుకున్నాడని, ఆ తర్వాతే మనకు నిషేధించాడని రాశాను. దెబ్బ తిన్నవాడి మొరకీ దేవుడికీ మధ్య ఏ తెరా ఉండదని, వాడు మన మతం వాడు కాకపోయినా ఉండదని రాశాను. ఆ వాక్యం దగ్గర నా కలం కాస్త ఆగింది, ఎందుకంటే వెంకటదుర్గ మెడలో ఉన్నది మరిడమ్మ తల్లి తాడు. తర్వాత సాక్ష్యం గురించి రాశాను. న్యాయం వైపు గట్టిగా నిలబడండి, సాక్ష్యం మీకే ఎదురు తిరిగినా, మీ తల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ ఎదురు తిరిగినా, అవతలివాడు ఉన్నవాడైనా లేనివాడైనా, అన్న అర్థం వచ్చే మాట. పెదనాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకున్నాడు. చదువుతూ చదువుతూ జేబులోంచి పెన్ను తీసి, తల్లిదండ్రుల దగ్గర్నుంచి బంధువుల దాకా ఒక గీత కొట్టాడు. మెల్లగా, తోటలో కలుపు తీసినట్టు. "పొడుగైపోయిందమ్మా. జుమ్మా టైముకి జనానికి ఆకలేస్తుంటుంది." నాకు కోపం రాలేదు. పెరట్లోకి వెళ్ళి అరటి మొదట్లో ఉమ్మేశాను, ఎంత ఉమ్మినా నోట్లో ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంది.

కానీ ఆయన చెయ్యి నాకు తెలుసు. నాన్న పోయిన ఏడాది నాకు ఐదేళ్ళు. టైఫాయిడు వస్తే, ఆ చేతుల మీదే కాలవగట్టు వెంబడి మోసుకుపోయాడు, వానలో, నా మొహం తడవకుండా తన లుంగీ అంచు కప్పి. సైకిలు ముందు కమ్మీ మీద చిన్న సీటు బిగించి బడికి తీసుకెళ్ళేవాడు. "మా తమ్ముడి కూతురు కాదండి, నా కూతురు" అని హెడ్మాస్టరు గారికి చెప్పాడు. ఆ చెయ్యే స్ప్రేయరు గన్ను పట్టుకుంది. మనిషికి రెండు జతల చేతులుంటే బాగుండేది, ఒకటి ప్రేమించడానికి, ఇంకొకటి రోతపడడానికి. ఇలా ఒకే చెయ్యి రెండూ చేస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి.

బుధవారం పది గంటలకు పూణే లారీ వచ్చి నిలబడింది. క్రోటన్ల ఆకుల వెనక పిండినల్లి పురుగు తెల్లగా అంటుకుని ఉంది. బేరగాడు చూస్తే లోడు వదిలేస్తాడు. పెదనాన్న నీడకి కట్టిన పచ్చ వల కింద, మొక్కల మధ్య ఆడవాళ్ళు కవర్లు ఎత్తుతుండగానే మందు కొట్టమన్నాడు. వలకింద గాలాడదు, కొట్టిన మందు పొగలా తల మీదే నిలబడుతుంది. వెంకటదుర్గ తట్ట దించేసి బయటికొచ్చింది. మిగిలినవాళ్ళని కూడా రమ్మని చెయ్యి ఊపింది. అంటు కట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, నోరూ అంతే. "గంటాగి వస్తామండి సాయిబుగారూ. మందులో మమ్మల్నెందుకు ఊరేస్తారు, మేమేవన్నా మావిడికాయలమా?" ఆడవాళ్ళు నవ్వారు. పెదనాన్న కూడా నవ్వబోయి, బేరగాడు చూస్తున్నాడని ఆగాడు. "వేపనూనెకే చచ్చిపోతావేంటే? లోపలికి నడు." దుర్గ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వేపనూనేనాండీ? అయితే ముందు మీ మొహాన కొట్టుకోండి, చూసి పోతాం." ఈసారి బేరగాడు నవ్వాడు. లారీ డ్రైవరు నవ్వాడు. నేను కూడా నవ్వాను, చీటీల కట్ట చేతిలో పట్టుకుని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు ఇంకా ఆగకముందే పెదనాన్న కూలివాడి చేతిలోంచి గన్ను లాక్కుని ఆవిడ మొహం మీదకి తిప్పాడు. అంతే, ఎంతసేపో కాదు, తుమ్మినంత సేపు. పిండినల్లిని కొట్టినట్టే కొట్టాడు. కొట్టి, బేరగాడి వైపు తిరిగి, "చూశారా, ఏం కాదు, వేపనూనే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు, నాకు బాగా తెలిసిన గొంతు, మైకులో ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు.

ఆవిడ కింద పడ్డాక ఆటో మాట్లాడిందీ ఆయనే. ఆటోలో దుర్గ తల నా ఒడిలో ఉంటే, బయటి నుంచి వంగి నా చెవిలో చెప్పాడు. "డబ్బా మూత ఊడి మీద పడిందను. వేపనూనె అను. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెబితే నమ్ముతారు." ఇక్కడికొచ్చాక, క్యాజువాలిటీలో ఫారం ఇచ్చారు. దుర్గ వాంతులు చేసుకుంటోంది, మాట్లాడే స్థితిలో లేదు. ఏం పడింది, ఎలా పడింది అన్నచోట నేను రాశాను. వేపనూనె, మూత ఊడి. నర్సు అది చూసి "అబ్బ, ముత్యాల్లా ఉన్నాయి నీ అక్షరాలు" అంది.

"కరీమమ్మా, కాస్త తింటావా?" మాణిక్యం పిలుస్తోంది, దుర్గ తల్లి. గోడవారగా నేల మీద కాళ్ళు చాపుకుని, ఆకులో ఇడ్లీ పెట్టుకుని ఉంది. నేను వద్దని తలూపాను. "పొద్దుట్నించీ ఏం తిన్లేదు. నీలాంటి పిల్ల ఉండబట్టి నా కూతురు దక్కింది తల్లీ. సాయిబుగారు ధర్మాత్ములు, రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నారు." ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నా మోకాలు మీద చెయ్యి వేసింది. చట్నీ తడి నా సల్వారుకి అంటింది. ఆవిడ కృతజ్ఞత నా ఒంటి మీద జెర్రిలా పాకుతోంది. దులుపుకోలేను. ఆవిడకి మూత కథే తెలుసు. దుర్గ తన తల్లికి కూడా నిజం చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళ ఇల్లు మా నర్సరీ చివర రేకుల షెడ్డు. నోరు తెరిస్తే సామాను రోడ్డు మీద ఉంటుంది. నాకు మాత్రం దుర్గ ఒక్కటే మాట అంది, నిన్న, కట్టు కట్టాక. "పంతులమ్మా, ఇక్కడే ఉన్నావా?" చీటీలు రాస్తానని నన్నలాగే పిలుస్తుంది. ఉన్నానన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడు నేను గదిలోకి వెళ్ళినా తల నా అడుగుల వైపు తిరుగుతుంది. కట్టు వెనక నుంచి చూస్తున్నట్టే ఉంటుంది.

పన్నెండూ యాభై. బయాను మొదలై ఉంటుంది. సోదరులారా, అంటున్నాడు. అత్తరు రాసుకుని, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, అన్యాయం ప్రళయదినాన చీకట్లై కమ్ముకుంటుందని చెబుతున్నాడు. ముందువరసలో పెద్దలు తలలూపుతున్నారు. బయటి దేశాల పేర్లు వచ్చినప్పుడు కుర్రాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ కన్నీళ్ళు అబద్ధం కాదు, అదే నాకు మరీ వెలపరం. దూరపు అన్యాయం ఎంత బాగుంటుంది. దాని మీద ఏడిస్తే ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోదు. దానికి వాసన ఉండదు, గోళ్ళ సందుల్లో ఇరుక్కోదు. అదే మసీదులో, మా ఆడవాళ్ళ గదిలో, బుధవారం నర్సరీలో ఉన్న మా వాళ్ళు ఇద్దరు కూర్చుని ఉంటారు. దుర్గ పక్కనే తట్ట మోస్తూ అంతా చూసినవాళ్ళు. వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటారు. నేను అక్కడ ఉంటే నేనూ తుడుచుకునేదాన్ని.

తలుపు తెరుచుకుంది. డాక్టరు ఉమాశ్రీ గారు. చిన్నమనిషి, కళ్ళ కింద నల్లగా, రాత్రంతా నిద్ర లేనట్టుంది. "నువ్వేనా వేపనూనె అని రాసింది?" అవునండి అన్నాను. "వేపనూనెకి ఇలా అవ్వదమ్మా. ఒళ్ళంతా చెమటలు, నాడి ఇంత నెమ్మది. ఇంకేదో ఉంది. నిజంగా ఏం పడిందో తెలిస్తే నేను చెయ్యగలిగింది ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఎడమ కన్ను పోతుంది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కో." వెళ్ళిపోబోతూ ఆగి, "మీరంతా ఎందుకో అన్నీ దాస్తారు" అంది. మీరంతా అంటే ఎవరో నాకు తెలియలేదు. నర్సరీ వాళ్ళమా, పల్లెటూరి వాళ్ళమా, సాయిబులమా. ఎవరైనా కావచ్చు, ఆవిడ అన్నది తప్పు కాదు.

చెడు కనబడితే చేత్తో ఆపమన్నారు ప్రవక్త. చేతకాకపోతే నోటితో. అదీ చేతకాకపోతే మనసులో అసహ్యించుకోమన్నారు, అది విశ్వాసంలో అన్నిటికన్నా బలహీనమైన మెట్టు. ఈ మాట నేను ఎన్ని బయానుల్లో రాశానో. రెండు రోజులుగా నేను ఆ చివరి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అసహ్యపడుతున్నాను కాబట్టి మంచిదాన్నే అనుకుంటున్నాను. పెదనాన్న వజూని, సాసరు టీని, ఆ గీతని, అత్తరుని, ఒక్కొక్కటీ ముందేసుకుని రోతపడుతూ, నా చేతులకి ఏమీ అంటనట్టు. ఈ రోత దుర్గ కంటికి ఒక్క చుక్క మందు కాదు. ఇంత అసహ్యంలోనూ నేను ఎవరికీ ఏ నష్టమూ చెయ్యలేదు, నాకు కూడా. పెదనాన్న గన్ను తిప్పడానికి తుమ్మినంతసేపు పట్టింది. నాకు నోరు తిప్పడానికి రెండు రోజులు. ఎడమ కన్ను ఈ రెండు రోజుల్లోనే పోతోంది. అంటే దాంట్లో సగం నేను పొడిచినట్టే.

లేచానని లేచాక తెలిసింది. మాణిక్యం ఇడ్లీ ఆకు తొక్కుకుంటూ డాక్టరు వెనకాల పరిగెత్తాను. "అమ్మా, అది వేపనూనె కాదండి." మందు పేరు చెప్పాను, ఎర్ర త్రికోణం సంగతి చెప్పాను. డబ్బా మీద కాగితం అంటించింది నేనేనని చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నా వైపు చూసిన ఆ చూపు, చెప్పుకింద ఏదో పడితే చూసే చూపు, చూసి వెంటనే పక్కకి తిరిగి నర్సుల పేర్లు పెట్టి కేకలేసింది. ఇంజక్షన్లు, రక్తం, సెలైను అంటూ పరుగులు. నన్ను గోడకి నెట్టేశారు. కొంచెం సేపటికి ఒక నర్సు వచ్చి, లోపల పేషంటు పిలుస్తోంది వెళ్ళు అంది.

దుర్గ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా అడుగులకి తల తిప్పింది. "మందు పేరు చెప్పేవంట కదా."

"చెప్పాను దుర్గక్కా."

"రెండ్రోజులు ఏం చేశావే?" ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. "సర్లే. మందు పేరు చెప్పావు. మనిషి పేరో?"

మూత ఊడిందన్నది మాత్రం నేను మార్చలేదు. డాక్టరు గారు అడగలేదు, నేను చెప్పలేదు. కంటికి కావలసింది మందు పేరే కదా అని నాలో ఏదో గడుసుగా, చాటుగా అనుకుంది. ఇంత చెప్పీ ఆయన్ని తప్పించేశాను.

"నేను చెబితే కూలిదాని ఏడుపు," అంది దుర్గ. "నోటి దురుసు మనిషి, మీదేసుకుందంటారు. నువ్వు వాళ్ళ పిల్లవి. నువ్వు చెబితే అది మాట." ఊపిరి తీసుకుంది. "బలవంతం ఏం లేదులే. పో."

రెండు కావస్తుండగా వరండాలోకి వచ్చాను, అత్తరు వాసన ముందు వచ్చింది. తెల్లటి లాల్చీ, టోపీ, చేతిలో ఆపిల్ పళ్ళ సంచి, కొబ్బరిబోండాలు. వెనక కమిటీ వాళ్ళు ఇద్దరు. మాణిక్యం లేచి రెండు చేతులూ జోడించింది. "ఎలా ఉందమ్మా నీ కూతురికి, అల్లా మేలు చేస్తాడులే" అంటున్నాడు, బయాను గొంతు ఇంకా దిగలేదు. నా తల మీద చెయ్యి పెట్టాడు. చల్లగా, శుభ్రంగా ఉంది. నేను తల పక్కకి జరుపుకున్నాను. ఆయన చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఉండి, లాల్చీ జేబులోకి పోయింది.

హెడ్డు కానిస్టేబులు రాజేంద్ర గారు మెట్లెక్కి వస్తూనే, "ఎవరండీ చూసినవాళ్ళు?" అన్నాడు, బల్ల మీద కాగితాలు పరుచుకుంటూ.

"మా అమ్మాయేనండి," అన్నాడు పెదనాన్న. "చదువుకుంది, బాగా చెప్తుంది. చెప్పమ్మా కరీమా, మూత ఎలా ఊడిందో."

మాణిక్యం ఇటే చూస్తోంది. కమిటీ పెద్దలు కుర్చీల్లో సర్దుకున్నారు. గది తలుపు నేను మూయలేదు, కొద్దిగా తెరిచే ఉంది. గొంతులో రోత పైకి తన్నుకొస్తోంది. ఈసారి ఉమ్మలేదు, మింగలేదు.

"పేరు చెప్పమ్మా," అన్నాడు హెడ్డు.

"షేక్ కరీమున్నీసా అండి. మూత ఊడలేదు. ముందు నేను అబద్ధం రాశాను, అది కూడా రాసుకోండి. ఆవిడ మొహం మీద మందు కొట్టింది షేక్ ఖాసిం సాహెబు."

కలం ఆగింది. "ఆయన మీకేమవుతారు?"

"మా పెదనాన్నండి," అన్నాను. "నన్ను పెంచింది ఆయనే."